బైబిల్లో బేస్‌బాల్ బొమ్మ

మా వైపు జనానికి ఒక జబ్బు ఉంది. ఏ వస్తువూ ఉన్నది ఉన్నట్టు ఉంటే వాళ్లు చూడలేరు. గోడ పాతబడితే సున్నం కొడతారు, గుడి పాతబడితే టైల్స్ వేస్తారు, ఇత్తడి చెంబును చింతపండుతో తోమి తోమి దాని మీద చెక్కిన తాతల పేర్లు అరిగిపోయేదాకా ఊరుకోరు. బాగుచేయడం వాళ్ల రక్తంలోనే ఉంది. అలాంటి జనం మధ్య కూర్చుని నూరేళ్ల నాటి కాగితం ముక్కలు పోగుచేసేవాడి బతుకు ఎలా ఉంటుందో చెప్పాలంటే కొంచెం కోపంగానే చెప్పాలి.

నేను తాండూరులో ఒక హైస్కూల్లో ఆటలు నేర్పే సారును. కాపురం వికారాబాద్‌లో. పొద్దున రైలెక్కి పోతాను, సాయంత్రం రైలెక్కి వస్తాను. బండలు పాలిష్ పట్టే మిషన్ల నుంచి లేచే తెల్లటి దుమ్ము ఇరవై ఏళ్లుగా నా చొక్కా మీద కూర్చుని టికెట్ లేకుండా వికారాబాద్ దాకా వస్తోంది. ఆ దుమ్ముకు భయపడే నా సొత్తంతా ఇంట్లో బీరువా పై అరలో, మూత బిగించిన డబ్బాలో పెట్టుకున్నాను. దుమ్ము నుంచి కాపాడుకున్నాను గానీ మనుషుల నుంచి కాపాడుకోలేకపోయాను.

సొత్తు అంటే బంగారం కాదు, బొమ్మ కార్డులు. వందేళ్ల కిందట సిగరెట్ పెట్టె నలగకుండా లోపల ఒక చిన్న అట్టముక్క పెట్టేవారు. అట్ట ఎలాగూ పెడుతున్నాం కదా అని దాని మీద బొమ్మలు అచ్చువేశారు. మల్లయోధులు, క్రికెట్ ఆడేవాళ్లు, గుర్రపు పందేల రౌతులు. రెండు వేళ్ల వెడల్పు, మధ్యవేలంత పొడుగు, అంతే. మన దేశానికి వచ్చిన పెట్టెల్లో కూడా అవి వచ్చాయి. హైదరాబాద్‌లో ఆదివారం పూట పాత సామాన్లు పరిచే ఫుట్‌పాత్‌ల మీద, పాత హకీముల ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు, పాత పుస్తకాల పేజీల మధ్య నుంచి ఒక్కొక్కటిగా ఏరుకున్నాను. ఇరవై ఏళ్లలో డెబ్భై దాకా అయ్యాయి.

లేనిది ఒక్కటే. బేస్‌బాల్ కార్డు. అది అమెరికావాళ్ల ఆట. క్రికెట్ లాంటిదే గానీ బ్యాటు బల్లపరుపుగా కాకుండా రోకలిలా గుండ్రంగా ఉంటుంది. ఆ ఆటగాళ్ల బొమ్మలు అక్కడ సిగరెట్ పెట్టెల్లోనూ మిఠాయి పెట్టెల్లోనూ వచ్చేవి. ఇప్పుడు కొన్నింటికి అక్కడ పలికే ధర వింటే మన మండలంలో ఎవరూ నమ్మరు. కొని తెప్పించుకునే తాహతు నాకు లేదు. ఉన్నా తెప్పించుకోను. దొరకడంలో ఉన్న రుచి కొనడంలో లేదు. అదీ మచ్చ లేకుండా దొరకాలి. మూలలు నలగకూడదు, అంచులు కోసి ఉండకూడదు, ముందైనా వెనకైనా గీత పడకూడదు. నాలాంటి పిచ్చివాళ్లది ఫోన్లో ఒక గ్రూపు ఉంది. అందులో కార్డు ఫొటో పెడితే ఇది ఎవరి బొమ్మ అని ఎవరూ అడగరు. వెనకవైపు చూపించు అంటారు.

ఇక మా వాళ్లు బాగుచేసిన తీరు చెప్తాను.

మొదటిది మా ఇంట్లోనే జరిగింది. దసరాకు మా వైపు పనిముట్లకు పూజ చేస్తారు. రైతు నాగలికి, డ్రైవరు బండికి, దర్జీ మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టుకుంటారు. నా విజిల్‌కు, బంతుల్లో గాలి కొట్టే పంపుకు మా ఆవిడ ఏటా బొట్టు పెడుతుంది. నాకేం అభ్యంతరం లేదు. పసుపు పెట్టినంత మాత్రాన పంపు గాలి కొట్టడం మానదు. కానీ ఒక ఏడు ఆమెకు ఆలోచన వచ్చింది. మనిషి విజిల్ కంటే ఎక్కువసేపు ఆ డబ్బా ముందే కూర్చుంటున్నాడు కదా, మరి అసలు పనిముట్లు అవే కదా అని. నేను జమ్మి చెట్టు దగ్గరికి పోయి వచ్చేలోగా డబ్బా దించి, ఆల్బం విప్పి, కార్డు తర్వాత కార్డు బయటికి తీసి, ఉంగరపు వేలితో ఒక్కొక్కదానికి నుదుట బొట్టు పెట్టింది. పసుపు నూనెలో తడిపింది. పొడి పసుపు రాలిపోతుందట.

ఒక మల్లయోధుడికి నుదురు ఎక్కడుందో దొరక్క కడుపు మీద పెట్టింది. పదిహేడు కార్డులు అయ్యాక పొయ్యి మీద పులిహోర గుర్తొచ్చి ఆగింది. నేను ఇంట్లోకి వచ్చేసరికి నా ఆటగాళ్లంతా పెళ్లికి తయారైనట్టు వరసగా నేల మీద కూర్చుని ఉన్నారు. నోట మాట రాలేదు. మాట వచ్చాక మాత్రం వీధి అంతా విన్నది.

"మీ వస్తువులకు మంచిగుంటదని పెట్టిన," అంది మా ఆవిడ. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పండగ పూట ఆమెను ఏడిపించిన పాపం కూడా నా ఖాతాలోనే పడింది.

రెండోది తాండూరులో, స్టేషన్ నుంచి బడికి పోయే దారిలో ఉన్న జిరాక్స్ దుకాణంలో జరిగింది. పసుపు తగలని వాటిలో ఒక క్రికెట్ ఆటగాడి కార్డు నాకు ప్రాణం. ఎర్ర టోపీ, చేతిలో బ్యాటు, వెనక నీలం ఆకాశం. దాన్ని ఒక్క రంగు జిరాక్స్ తీయమని ఇచ్చి, పక్కన చాయ్ తాగుదామని వెళ్లాను. పూర్తిగా ఐదు నిమిషాలు కూడా కాలేదు. తిరిగొచ్చేసరికి దుకాణం ఆయన నవ్వుతూ నా చేతిలో ఒక వేడివేడి వస్తువు పెట్టాడు. కార్డును లామినేషన్ చేశాడు. కవరులో సరిగ్గా పట్టడానికి నాలుగు అంచులూ కత్తిరించాడు, గుచ్చుకోకుండా మూలలు గుండ్రంగా చేశాడు, పైన రంధ్రం కొట్టి మెడలో వేసుకునే నీలం తాడు కూడా తగిలించాడు. వందేళ్లు సముద్రాలు దాటి బతికిన కార్డు తాండూరు స్టేషన్ రోడ్డులో ఒక చాయ్ సేపట్లో గుర్తింపు కార్డు అయిపోయింది.

"జేబుల వెట్టుకున్నా నలగది సార్. మంచిగుంటదని చేసిన," అన్నాడు. పైసలు తీసుకోనన్నాడు. సారుది కదా అని ప్రేమతో చేశాడట. ప్రేమతో చేసినవాణ్ని కొట్టడం ఎలాగో నాకు ఏ ట్రెయినింగులోనూ నేర్పలేదు. ఆ తాడు పట్టుకుని బడికి పోయాను. హెడ్మాస్టరు చూసి, మీ పాత ఫొటోనా సార్, అప్పుడు సన్నగా ఉండేవారే, అన్నాడు.

గోరుచుట్టు మీద రోకలిపోటు అంటారు. నా విషయంలో ఆ రోకలే మేలు చేసింది.

ఒక ఏడు మా బడికి పై నుంచి ఒక ఆటల కిట్టు వచ్చింది. అందులో ఒక బేస్‌బాల్ బ్యాటు, రెండు గ్లౌజులు ఉన్నాయి. బంతి లేదు. గ్లౌజులు రెండూ ఎడమ చేతివే వచ్చాయని హెడ్మాస్టరు మండిపడ్డాడు. కుడి చేత్తో బంతి విసిరేవాడు ఎడమ చేతికే తొడుక్కుంటాడు సార్, ఆ ఆటలో అంతే, అని నెల రోజులు చెప్పాను. ఆయన నమ్మలేదు. ఇప్పటికీ నమ్మడు. గ్లౌజులను అట్టపెట్టెలో పెట్టి సీలు వేయించాడు. బ్యాటును మాత్రం వంటశాలకు ఇచ్చాడు, కోతుల కోసం. మధ్యాహ్నం పప్పు ఉడికే వాసనకు కోతులు గోడ దూకి వస్తాయి. అమెరికా ఆట బ్యాటుతో మా వంటామె వాటిని తరిమేది. నేను చాలాసార్లు అది ఆట సామాను అని గొణిగాను. కోతులు కూడా ఆడుతున్నయి గద సార్, అనేది.

ఆమెది పెద్దేముల్ దగ్గర ఒక పల్లె. పొద్దున్నే షేర్ ఆటోలో వచ్చి మూడు వందల మందికి వండి సాయంత్రం పోతుంది. ఒకరోజు నేను గోడ పక్కన నిలబడి ఆ బ్యాటును ఎలా పట్టుకోవాలో ఆమెకే చూపిస్తున్నాను. ఇక ఎవరికీ చూపించే అవకాశం లేక. భుజం మీద ఆనించి, రెండు చేతులూ కింద దగ్గరగా పట్టి నిలబడ్డాను. ఆమె గరిటె ఆపి నన్ను వింతగా చూసింది.

"గిట్లనే కట్టె వట్టుకొని నిలవడ్డ దొర బొమ్మ మా అమ్మ బైబిల్ల ఉన్నది సార్," అంది.

ఎంత ఉంటుంది అని అడిగాను. తన రెండు వేళ్లు చూపించింది. నా గుండె చేసిన చప్పుడుకు కోతులు పారిపోవాల్సింది. మీద గీతలున్నాయా, మూలలు నలిగాయా, రంగు పోయిందా, వరసగా అడిగాను. ఆమె, ముందల మంచిగనే ఉన్నది సార్, ఎనకనే మా అమ్మమ్మ, అని ఏదో మొదలుపెట్టింది. అమ్మమ్మ సంగతి తర్వాత, ముందు నన్ను ఎప్పుడు తీసుకుపోతావు చెప్పు, అన్నాను. ఇది మొదటిసారి. ఇలా ఎన్నిసార్లు అడ్డం పడ్డానో లెక్కపెట్టుకునే పని నాకు తర్వాత పడింది.

ఆ శనివారమే పోయాను. ఆటోలో నా ఒళ్లో ఒక సంచి, సంచిలో మెత్తటి బట్ట, లోపలిది బయటికి కనిపించే గాజు కాగితపు కవర్లు, భూతద్దం. పక్కన కూర్చున్నాయన ఇదంతా చూసి డాక్టరువా అని అడిగాడు. దారి పొడుగునా కంది చేలు. నాకవేవీ కంటికి ఆనలేదు. ఆ ఇంట్లో ఈ లోపల ఎవరైనా ఆ కార్డును బాగుచేసి ఉంటే ఎలా అన్నదే నా బెంగ. సారు వస్తున్నాడని తుడిచి పెడితే, ఫ్రేము కట్టిస్తే, అంచులు మాసినయి అని కత్తిరిస్తే. మా జనం సంగతి నాకు తెలియదా.

రెండు గదుల ఇల్లు. నేల మీద నాపరాళ్లు. వంటామె తల్లి మంచం మీద కూర్చుని ఉంది. ఎనభై దాటి ఉంటుంది. కళ్లకు పొర కమ్మింది, మనిషిని నీడలా చూస్తుంది. గొంతు మాత్రం గట్టిది. దండాలు అయ్యాయి, చాయ్ వచ్చింది. చాయ్ గ్లాసు కార్డు వచ్చే చోటుకు దూరంగా జరిపాను. ఆమె గూట్లోంచి గుడ్డలో చుట్టిన బైబిలు తీసి, తడుముకుంటూ ఒకచోట తెరిచింది.

ఇరవై ఏళ్లు వెతికినవాణ్ని, ఒక్క నిమిషం చెయ్యి చాపలేకపోయాను. పచ్చటి మైదానం, బూడిద రంగు దుస్తులు, నిలువు చారల సాక్సులు, భుజం మీద బ్యాటు. కింద చిన్న అక్షరాల్లో ఆటగాడి పేరు. మూలలు నాలుగూ సూది మొనల్లా ఉన్నాయి. రంగు నిన్న వేసినట్టుంది. నూరేళ్లు ఆ పుస్తకం మధ్య చీకట్లో పడుకున్నాడు ఆ దొర. వందేళ్లలో ఒక్కరూ అతన్ని బాగుచేయలేదు. ఆ ఇంటివాళ్లకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఎలా వచ్చిందని అడిగాను. తన తల్లి చిన్నప్పుడు అమెరికా దొరసాని ఒకామె ఆ పల్లెలకు ఎడ్లబండి మీద వచ్చేదని, చెట్టు కింద పిల్లలను కూర్చోబెట్టి బైబిలు వాక్యాలు నేర్పేదని, అప్పజెప్పినవాళ్లకు డబ్బాలోంచి ఒక బొమ్మ ఇచ్చేదని ముసలమ్మ చెప్పింది. నాకు తల లోపల దీపం వెలిగింది. అక్కడి పిల్లలు తాము ఆడుకున్న బొమ్మ కార్డులు మూటగట్టి ఇక్కడి పిల్లలకు పంపేవారని ఎక్కడో చదివాను. దేవుడి బొమ్మల మధ్య ఒక ఆటగాడు కలిసిపోయి వచ్చాడన్నమాట. ఆ ఉత్సాహంలో బేస్‌బాల్ అంటే ఏమిటో, ఈ కార్డులు ఎందుకు అచ్చువేశారో ముసలమ్మకు అరగంట పాఠం చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది. నేను ఊపిరి తీసుకున్నప్పుడు, "గీ బొమ్మ మా అమ్మకు వాక్యం చెప్తే ఇయ్యలే సారూ," అని మొదలుపెట్టింది. అప్పుడే ఆమె చెయ్యి చాయ్ గ్లాసు వైపు, కార్డు మీదుగా పోతోంది. అవ్వా, చెయ్యి జర పైలం, అని అరిచినంత పని చేశాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. మాట కూడా ఆగిపోయింది. అది రెండోసారి.

నాకు ఇమ్మని అడిగాను. ఇయ్యను అంది, కోపం లేకుండా, పాలు లేవు అన్నంత మామూలుగా. కనీసం ఫొటోలు తీసుకుని, సరిగ్గా పరీక్షించుకుని ఇస్తానన్నాను. వంటామె నా తరఫున మాట్లాడింది. ముసలమ్మ సరేనంది. పదిహేను రోజుల్లో తన తల్లిని యాది చేసుకునే ప్రార్థన ఉందని, ఆ దినానికి తప్పకుండా తెచ్చియ్యాలని, ఇంట్లో చిన్నపిల్లకు దానితో పని ఉందని చెప్పింది. ఏం పని అని నేను అడగలేదు. ముట్టుకోనిస్తుందో లేదోనని వెళ్లినవాడికి పదిహేను రోజులు దొరికాయి. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అంది.

"ఎనకది పైలం సారూ."

కార్డు పట్టుకోవడం ఈమె నాకు నేర్పుతుందా అనుకున్నాను. అది మూడోసారి.

ఇంటికొచ్చి కిటికీ దగ్గర వెలుతురులో కార్డు వెనక్కి తిప్పాను. అప్పుడు చూశాను. అచ్చు ఏమీ లేని ఖాళీ వెనకభాగం నిండా పెన్సిల్ మరక. కొన్ని వంకర గీతలు, వాటి మీద మళ్లీ గీతలు, వాటన్నింటి మీద నూనె చేతులతో రుద్దినట్టు బూడిద రంగు మసక. ఏ పిల్లో కూర్చుని కెలికింది అనుకున్నాను. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ముందు వైపు వందేళ్లు కాపాడి వెనక వైపు పిల్లల చేతికి ఇచ్చారా. గ్రూపులో రెండు వైపులా ఫొటోలు పెట్టాను. ముందు వైపుకు దండాలు, పూలు వచ్చి పడ్డాయి. వెనక వైపుకు అందరిదీ ఒకటే మాట. ఇంత మంచి కార్డుకు ఈ మరక శాపం. పెన్సిల్ కాబట్టి మెత్తటి రబ్బరుతో, నెమ్మదిగా, అద్దినట్టు చేస్తే పోతుంది అని ఒకాయన సలహా ఇచ్చాడు.

ఒక మాట దాచను. భూతద్దంలో ఆ గీతల మధ్య ఒకచోట తలకట్టు లాంటిది కనిపించింది. అక్షరమేమో అనిపించింది. అనిపించినంత సేపు కూడా ఆగలేదు.

మా బడి డ్రాయింగ్ టీచర్ దగ్గర పిండిలా సాగే రబ్బరు అడిగి తెచ్చుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, చేతులు రెండుసార్లు కడుక్కుని, బల్ల మీద తెల్ల బట్ట పరిచి కూర్చున్నాను. అద్దాను, తీశాను, మళ్లీ అద్దాను. మూడు గంటలు పట్టింది. ఆపరేషన్ చేసే డాక్టరు కూడా అంత శ్రద్ధ పెట్టడు. మా ఆవిడ బియ్యం ఏరుతూ చూస్తోంది. చివరికి అడిగింది.

"వాళ్లనడిగిండ్రా?"

"నువ్వడిగినవా పసుపు పెట్టేటప్పుడు?" అన్నాను.

ఆమె చాట తీసుకుని లోపలికి పోయింది. ఆ జవాబు తోచినందుకు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. దసరా నుంచి దాచుకున్న జవాబు అది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనేవాడికి నాలుగో కాలు చూపిస్తే ఇంకా కోపం వస్తుంది. సాయంత్రానికి కార్డు వెనక పాలలా తెల్లగా అయింది. గ్రూపులో పెట్టాను. చేతులు ముద్దు పెట్టుకోవాలి అన్నారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

ప్రార్థన దినం పొద్దున్నే బయలుదేరాను. కార్డును కొత్త గాజు కాగితం కవరులో పెట్టి, కవరును డైరీలో పెట్టి, డైరీని గుండెకు ఆనించుకుని ఆటోలో కూర్చున్నాను. ఇచ్చేయాలంటే ప్రాణం ఒప్పలేదు. కానీ నేను తెచ్చినదానికంటే శుభ్రంగా ఇస్తున్నాననే గొప్ప ఒకటి లోపల ఉంది. వాళ్లు చూసి ఆశ్చర్యపోతారని, ఇంత పద్ధతిగల మనిషి దగ్గరే ఇది ఉండనీ అంటారేమోనని కూడా ఒక ఆశ.

ఇంటి ముందు టెంట్ వేశారు. బంధువులు ఇరవై ముప్ఫై మంది. పాటలు పాడారు, పాస్టరు ప్రార్థన చేశాడు. తర్వాత ముసలమ్మ కూర్చున్న చోటి నుంచే తల్లి గురించి చెప్పింది. ఈసారి మధ్యలో ఆపేవాడు లేడు. నేను కూడా బుద్ధిగా కూర్చుని విన్నాను, కార్డు చేతిలో ఉంది కాబట్టి తొందర లేదు.

తన తల్లిని ఊళ్లో ఎవరూ పేరుతో పిలవలేదని చెప్పింది. ఊరి దొరలకు ఆమె ఒసే, కూలికి పిలిచేవాళ్లకు ఒక వెక్కిరింపు పేరు. దొరసాని పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ అది నోట పలికినవాళ్లు లేరు. వాక్యాలు అందరు పిల్లలూ అప్పజెప్పారు. వాళ్లకు దేవుడి బొమ్మలు దొరికాయి. ఈమెకు నోరు తిరగక వాక్యం రాలేదు. దొరసాని పెన్సిల్ చేతికిచ్చి, పేరు రాయి, రాస్తే బొమ్మ ఇస్తా అంది. కాగితం కూడా లేదు. డబ్బాలో అడుగున మిగిలిన ఒక్క బొమ్మ వెనకే రాయించింది. పొద్దు గుంకేదాకా పట్టిందట ఆ ఒక్క పేరుకు. ఆ తర్వాత కొన్నాళ్లకే దొరసాని వెళ్లిపోయింది, బడి ఎత్తిపోయింది, ఆమె చేతికి మళ్లీ పెన్సిల్ రాలేదు. ఆమె చేత్తో రాసింది లోకంలో ఆ ఒక్కటే.

"మా ఇంట్ల పిల్లలందరు బడికి పోయే ముందుగాల గా పేరు మీదనే వేలు వెట్టి దిద్దిన్రు," అంది ముసలమ్మ. "నేను దిద్దిన. నా బిడ్డ దిద్దింది. బడి నాకు అబ్బలే గని, గా పేరైతే నా వేలికి వస్తది."

ఆ బూడిద మసక ఏమిటో అప్పుడు తెలిసింది. అది నూనె చేతుల మురికి కాదు. మూడు తరాల పిల్లల వేళ్లు.

వంటామె తన మనవరాలిని తీసుకొచ్చి ముసలమ్మ ఒళ్లో కూర్చోబెట్టింది. నాలుగేళ్లు ఉంటాయి, కొత్త గౌను, రెండు జడలు. ఈ జూన్‌లో బడికి పోతుంది. అందరూ నా వైపు చూశారు. డైరీ తెరిచి, కవరు తెరిచి, కార్డు ముసలమ్మ చేతికి ఇచ్చాను. వెనక్కి తీసుకుని పరుగెత్తాలనిపించింది. ఆమె కార్డు తిప్పింది. చూపు లేదు కాబట్టి ఆమెకు తెలియలేదు. పిల్ల చూపుడువేలు పట్టుకుని ఆ తెల్లటి చోట ఆనించింది.

"అమ్మమ్మా, గీడ ఏం లేదు," అంది పిల్ల, వంటామె వైపు చూసి.

వంటామె వంగి చూసింది. తర్వాత నన్ను చూసింది. కోతులను తరిమేటప్పుడు కూడా ఆమె ముఖం అంత గట్టిగా ఉండగా చూడలేదు. చెప్పాల్సింది నేనే. నోరు తెరిచాను. ఏ మాట వస్తుందో నాకే తెలియదు. వచ్చిన మాట విని మాత్రం నాకు నా మీదే అసహ్యం పుట్టింది.

"మంచిగుంటదని తుడిచిన, అవ్వా," అన్నాను.

ముసలమ్మ బొటనవేలితో కార్డు వెనక నెమ్మదిగా రుద్ది చూసింది, మళ్లీ రుద్ది చూసింది. అది చూడలేక నా నోరు ఇంకా పని చేసింది. నా దగ్గర వెనకవైపు ఫొటో ఉందని, దాన్ని పెద్దది చేసి చూసి, అదే చోట, అదే కొలతకు, అలాగే వంకరగా పెన్సిల్‌తో రాయించి ఇస్తానని, తేడా ఎవరికీ తెలియదని చెప్పాను. జేబులోంచి పెన్సిల్ తీశాను కూడా.

"ఇగ బాగుచెయ్యకు సారూ," అంది ముసలమ్మ.

కోపంగా అనలేదు. అలసిపోయి అంది. పెన్సిల్ జేబులో పెట్టుకున్నాను. తర్వాత ఆమె పిల్ల వేలు మళ్లీ పట్టుకుంది. ఏమీ లేని ఆ తెల్లటి అట్ట మీద ఆ వేలిని నడిపించింది. పై నుంచి కిందికి, గుండ్రంగా తిప్పి, ఒకచోట ఆగి, మళ్లీ పైకి. గీత ఎక్కడ వంకర పోయిందో అక్కడ వంకరగానే నడిపింది. తల్లి చెయ్యి తడబడిన చోట తనూ తడబడింది. పిల్ల నాలుక బయటపెట్టి శ్రద్ధగా చూస్తోంది. ఒక్కొక్క అక్షరం అయ్యాక ముసలమ్మ దాన్ని గట్టిగా పలికింది, పిల్ల కూడా పలికింది.

ఆ వేలు నడిచిన దారి చూసి నేను కూడా ఆ పేరు చదువుకున్నాను. మూడు గంటలు భూతద్దం పెట్టుకుని కూర్చున్నప్పుడు కనపడని పేరు అది. ఇక్కడ రాద్దామని చాలాసార్లు కలం పట్టుకున్నాను. రాస్తే కథకు మంచిగుంటుందని కూడా అనిపించింది. అందుకే రాయడం లేదు.